డబ్బా మీది నంబరు: ఒక గ్రాఫిక్స్ కార్డు ఖిస్సా

మొన్న జుమేరాత్ రాత్రి మా ఆపా కొడుకు ఇంటికొచ్చాడు. చెప్పులు విప్పుతూనే, "మామూ, చాలీస్ హజార్ జమా హోగయే" అన్నాడు. ఆ నలభై వేలు ఊరికే వచ్చినవి కావు. రెండు షాదీ సీజన్లు రాత్రుళ్లు కూర్చుని, నికా వీడియోలు, వలీమా వీడియోలు ఎడిట్ చేసి కూడబెట్టిన మెహనత్ పైసలు. ఎడిటింగ్ అయిపోయాక అదే కంప్యూటర్ మీద ఒంటిగంట దాకా గేములాడతాడు. రోజీ కూడా అదే, షౌఖూ అదే.

ఫోన్లో ఒక డబ్బా ఫోటో చూపించాడు. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, 8 జీబీ. "నా దగ్గరున్నది 1060. ఇది 5060. నాలుగు తరాలు ముందుకు పోతాను. లేలూఁ క్యా?" అన్నాడు.

నేను కంప్యూటర్ మెకానిక్‌ని కాను. అఖ్బార్ వాణ్ని. కానీ ఏ వస్తువైనా ఖరీదు చెప్పే ముందు దాని తారీఖు చదివే ఆదత్ నాకుంది. "ఒక్క వారం సబర్ చెయ్ బేటా" అన్నాను. ఆ వారం నేను చదివిందీ, ఇద్దరం కలిసి వేసిన హిసాబూ ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో కూడా ఇట్లాంటి పిల్లవాడు ఒకడు ఉండే ఉంటాడు.

ఖిస్సా 1996లో మొదలవుతుంది. అప్పటిదాకా ఇంట్లోని కంప్యూటర్లో త్రీడీ బొమ్మను గీసే పని చాలావరకు ప్రాసెసర్‌దే. అమెరికాలోని శాన్ హోసేలో 1994లో పుట్టిన త్రీడీఎఫ్‌ఎక్స్ అనే కంపెనీ వూడూ అనే చిప్ తెచ్చింది. మొదట ఆర్కేడ్ మషీన్లను దృష్టిలో పెట్టుకున్నారు. ఇళ్లకు అమ్మాలంటే ఖరీదు చాలా ఎక్కువయ్యేది. అయితే 1996లో మెమరీ చిప్‌ల ధరలు ఒక్కసారిగా పడిపోయాయి. దాంతో 4 ఎంబీ మెమరీ ఉన్న కార్డును మామూలు మనిషి కొనగలిగే ధరకు తయారు చేయగలిగారు. అవును, 4 ఎంబీ. ఇవాళ ఫోన్లో తీసే ఒక్క ఫోటో అంత. ఆ కార్డు ఒక్కటే కంప్యూటర్‌ను నడపలేదు. మామూలు పనికి ఇంకో కార్డు ఉండాల్సిందే. రెండింటినీ వెనకనుంచి ఒక వైరుతో కలిపేవారు. అయినా 1997 మొదట్లో క్వేక్ గేమును ఈ కార్డు మీద చూసినవాళ్లు మళ్లీ పాత పద్ధతికి పోలేదు.

మొదటి సబక్ ఇక్కడే ఉంది. గ్రాఫిక్స్ కార్డు పుట్టుకకు దారి ఇచ్చింది చిప్ తెలివి ఒక్కటే కాదు, మెమరీ ధర కూడా. ఆ మామ్లా ముప్ఫయ్యేళ్లయినా మారలేదు. కంపెనీ ఎక్కడైనా పైసలు మిగుల్చుకోవాలనుకుంటే ముందు చెయ్యి పడేది మెమరీ మీదే.

మరి ఆ త్రీడీఎఫ్‌ఎక్స్ ఇప్పుడెక్కడ? మొదట్లో అది చిప్‌లు చేసి వేరే కంపెనీలకు అమ్మేది, వాళ్లు కార్డులు చేసి బజారుకు తెచ్చేవారు. 1998 డిసెంబర్‌లో ఎస్‌టీబీ అనే కార్డుల కంపెనీని కొని, ఇకనుంచి కార్డులు మేమే చేస్తామంది. నిన్నటిదాకా దాని చిప్‌లు కొన్నవాళ్లు ప్రత్యర్థుల దగ్గరికి వెళ్లారు. అందులో ముఖ్యమైన ప్రత్యర్థి 1993లో పుట్టిన ఎన్విడియా. 1995లో దాని మొదటి చిప్ బజారులో నిలబడలేదు. 1997లో రీవా 128తో లేచి నిలబడింది. 1999 అక్టోబర్‌లో జీఫోర్స్ 256 తెచ్చి, దానికి జీపీయూ అని పేరు పెట్టి ప్రచారం చేసింది. అదే ఏడాది వచ్చిన వూడూ 3 ఇంకా 16 బిట్ రంగుల దగ్గరే ఉంది. 2000 డిసెంబర్‌కల్లా త్రీడీఎఫ్‌ఎక్స్ తన ఆస్తులను ఎన్విడియాకే అమ్ముకునే పరిస్థితి వచ్చింది.

కంపెనీ పోయిందని మనకేం ఫిక్రు అంటారా? ఫిక్రు కొన్నవాడికి. కార్డును విండోస్‌తో, గేములతో మాట్లాడించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ రావడం ఆగిపోయింది. నిన్నమొన్న కొన్న వూడూ కార్డు చేతిలో భేషుగ్గా ఉంది, కొత్త గేముకు పనికిరాదు. కార్డు చచ్చేది కాలిపోయినప్పుడు మాత్రమే కాదు, డ్రైవర్ ఆగిపోయినప్పుడు కూడా. మావాడి 1060 వంటి కార్డుల సంగతి కూడా అదే. ఆ తరానికి గేముల కోసం కొత్త డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ఆగాయి. ఇకమీద భద్రతకు సంబంధించినవి మాత్రం 2028 అక్టోబర్ దాకా ఇస్తామని కంపెనీ చెప్పింది. అంటే కార్డు మార్చాలన్న వాడి కోరిక ఉత్త షౌఖు కాదు. జరూరత్ ఉంది. ఏది కొనాలన్నదే సవాల్.

ఇక పేర్ల ముచ్చట. ఈ తారీఖులో అన్నిటికన్నా ఎక్కువ ధోఖా ఇక్కడే జరిగింది.

2001లో జీఫోర్స్ 3 వచ్చింది. దాంట్లో షేడర్లు అనే కొత్త విద్య ఉంది. నీళ్ల మెరుపు, నీడలు, లోహం మీద వెలుగు, ఇవన్నీ గేము చేసేవాళ్లు తమకు కావలసినట్టు రాసుకునే వీలు. 2002 ఫిబ్రవరిలో జీఫోర్స్ 4 ఎంఎక్స్ వచ్చింది. నాలుగు మూడుకన్నా పెద్దది గదా అని లోకమంతా కొన్నది. హఖీకత్ ఏమిటంటే, లోపల ఉన్నది జీఫోర్స్ 2 నాటి పనితనం. మూడులో ఉన్న షేడర్లు నాలుగు ఎంఎక్స్‌లో లేవు. 2003లో ప్రిన్స్ ఆఫ్ పర్షియా సాండ్స్ ఆఫ్ టైమ్ వచ్చినప్పుడు, ఈ కార్డు మీద మా గేము నడవదని గేము వాళ్లే రాశారు. నాలుగు కొన్నవాడు ఆడలేకపోయాడు, మూడు కొన్నవాడు ఆడాడు.

2007 అక్టోబర్‌లో జీఫోర్స్ 8800 జీటీ వచ్చింది. మంచి కార్డు. మరుసటి ఏడాది దాదాపు అదే చిప్ 9800 జీటీ అనే పేరుతో వచ్చింది. దాని అన్న లాంటి 9800 జీటీఎక్స్ ప్లస్ 2009లో జీటీఎస్ 250 అయింది. పాత షేర్వానీకే కొత్త గుండీలు కుట్టి దుకాణంలో వేలాడదీసినట్టు.

2014 సెప్టెంబర్‌లో జీటీఎక్స్ 970. డబ్బా మీద 4 జీబీ. కొన్నాళ్లకు కొన్నవాళ్లే పరీక్షలు చేసి గుర్తుపట్టారు, చివరి అర జీబీ మిగతా దానికన్నా చాలా నిదానం. కేసు నడిచింది. 2016లో అమెరికాలో కొన్నవాళ్లకు కార్డుకు 30 డాలర్ల చొప్పున ఇవ్వడానికి కంపెనీ ఒప్పుకుంది.

ఇప్పుడు మావాడి కార్డు. 2016 జూలైలో జీటీఎక్స్ 1060 వచ్చింది, 6 జీబీ మెమరీ, 1280 కోర్లు. ఆగస్టులో అదే పేరుతో 3 జీబీది వచ్చింది. ఫరఖ్ మెమరీ ఒక్కటే అనుకుంటాం. కాదు, దాంట్లో కోర్లు కూడా 1152కు తగ్గాయి. మావాడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నది ఈ 3 జీబీదే. నేను ఈ సంగతి చెప్పేదాకా వాడికి తెలియదు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే నాలుగేళ్ల నుంచి నేను 1060 మీద ఆడుతున్నా అని దోస్తులకు చెప్తున్నది కూడా సగం ఝూటేనా మామూ?" అని నవ్వాడు.

2022 సెప్టెంబర్‌లో ఆర్‌టీఎక్స్ 4080 పేరుతో రెండు కార్డులు ప్రకటించారు. ఒకటి 16 జీబీ, ఒకటి 12 జీబీ. లోపలి చిప్‌లే వేరు. ఈసారి లోకం ఊరుకోలేదు. అక్టోబర్‌లో 12 జీబీదాన్ని వెనక్కి తీసుకుని, 2023 జనవరిలో 4070 టీఐ అని పేరు మార్చి తెచ్చారు. గొంతెత్తి అడిగితే పేరు మారుతుందని అట్లా తెలిసింది.

రెండో మామ్లా, కార్డు దిగే చోటు. 1997 నుంచి ఏజీపీ అనే స్లాటు ఉండేది. 2004లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు కార్డులు వచ్చాయి. ఏజీపీ బోర్డున్న ఇంట్లో కొత్త కార్డు అసలు దిగదు. కార్డు మార్చాలంటే బోర్డు మార్చాలి, బోర్డు మారిస్తే ప్రాసెసర్ మార్చాలి. ఇవాళ అట్లా కాదు, ఎక్స్‌ప్రెస్ కార్డు ఏ తరం ఎక్స్‌ప్రెస్ పెద్ద స్లాటులోనైనా కూర్చుంటుంది. అందుకే కంటికి కనపడని లెక్క ఒకటి మరిచిపోతాం. ఈ స్లాటులో దారులుంటాయి. పెద్ద కార్డులు 16 దారులు వాడతాయి. ఖర్చు తగ్గించిన కార్డులు 8 వాడతాయి. 2022 జనవరిలో వచ్చిన రేడియాన్ ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ అయితే 4 దారులే వాడింది. మెమరీ కూడా 4 జీబీయే. కొత్త బోర్డులో పరవాలేదు. పాత బోర్డులో పెట్టి చూసినవాళ్లకు మెమరీ నిండిన గేముల్లో కార్డు కుంటింది.

కారణం సులువే. కార్డు మీది మెమరీ నిండితే, మిగిలిన సామాను కంప్యూటర్ ర్యామ్ నుంచి ఆ దారుల మీదుగా మోసుకు రావాలి. దారి వెడల్పుగా ఉంటే కాస్త నిభాయిస్తుంది. ఇరుకైతే గేము ఆగి ఆగి నడుస్తుంది. ఎక్స్‌ప్రెస్ మూడో తరం నుంచి నాలుగుకు, నాలుగు నుంచి అయిదుకు ఒక్కో దారి వేగం రెట్టింపవుతూ వచ్చింది. మావాడు కొంటానన్న 5060 టీఐ అయిదో తరం కార్డు, 8 దారులది. వాడి బోర్డు 2017 నాటిది, మూడో తరం. అంటే కార్డు అనుకున్న వేగంలో పావు వంతు దారి మాత్రమే దొరుకుతుంది. పైగా 8 జీబీ మెమరీ, ఇవాళ్టి పెద్ద గేముల్లో తొందరగా నిండేది. నిండే గిన్నె, ఇరుకు దారి, రెండూ ఒకే ఇంట్లో.

మూడో మామ్లా, ధరలు. 2007లో ఎన్విడియా కూడా అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. గేము కార్డు మీద సైన్సు లెక్కలు కూడా చేసుకునే వీలు దాంతో వచ్చింది. 2012లో టొరంటో విశ్వవిద్యాలయంలో అలెక్స్ క్రిజెవ్‌స్కీ, ఇల్యా సుట్‌స్కెవర్, జెఫ్రీ హింటన్ ఫోటోలు గుర్తుపట్టే ప్రోగ్రాం అలెక్స్‌నెట్‌ను తయారు చేశారు. దాన్ని నేర్పించింది రెండు జీటీఎక్స్ 580 కార్డుల మీద. గేములాడే పిల్లల కార్డులే. ఇవాళ్టి ఏఐ జమానాకు ఆ వాకియా ఒక తలుపు.

తలుపు తెరుచుకున్నాక లోపలికి వచ్చింది శాస్త్రవేత్తలు మాత్రమే కాదు. 2017లో, మళ్లీ 2020 చివరినుంచి ఈథీరియం వంటి క్రిప్టో నాణేలు తవ్వేవాళ్లు కార్డులు గంపగుత్తగా కొన్నారు. 2020 సెప్టెంబర్‌లో 699 డాలర్లని ప్రకటించిన ఆర్‌టీఎక్స్ 3080 ఆ ధరకు దొరకడమే గగనమైంది. క్రిప్టో వాళ్ల కొనుగోళ్లు తన అమ్మకాల్లో ఎంత ముఖ్యమో 2018 ఆర్థిక సంవత్సరంలో వాటాదారులకు సరిగా చెప్పలేదన్న ఆరోపణ మీద, 2022 మేలో ఎన్విడియా అమెరికా సెక్యూరిటీస్ కమిషన్‌కు 55 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. 2022 సెప్టెంబర్ 15న ఈథీరియం పద్ధతి మారింది, కార్డులతో తవ్వే పని ఆగింది. ఒక్కసారిగా సెకండ్ హ్యాండ్ బజారు కార్డులతో నిండింది. ఆ తర్వాత ఏఐ డేటా సెంటర్ల వంతు. 2025 చివరినుంచి వాటి ఆకలికి మెమరీ చిప్‌ల ధరలు మళ్లీ పైకి పోయాయి. 1996లో మెమరీ చౌకై మన ఇంటికి కార్డు వచ్చింది. ఇప్పుడు అదే మెమరీ పిరమై మన చేతికి దూరమవుతోంది.

పిల్లలకు ఈ సంగతి చెప్పాలి. కార్డు కొనలేకపోతున్నానంటే వాడి మెహనత్‌లో లోపం లేదు. వాడు కూర్చున్న వేలంపాటలో వాడికన్నా పెద్ద జేబులున్నవాళ్లు కూర్చున్నారు. అక్కడ గెలిచే దారి ఎక్కువ పాడటం కాదు, తనకు ఏది కావాలో కచ్చితంగా తెలిసి ఉండటం.

ఆ వారం చివర్లో మావాడి ఇంటికి పోయి, క్యాబినెట్ మూత తీసి కూర్చున్నాం. ఆపా చాయ్ పెట్టి, "కార్డు కొనడానికి పోకుండా ఉన్నది విప్పుతున్నారేంటి?" అంది. నేను కాగితం మీద నాలుగు సవాళ్లు రాశాను.

మొదటిది, తెర. వాడి మానిటర్ 1080, సెకనుకు 60 బొమ్మలు. ఆ తెర మీద 100 బొమ్మలు గీసే కార్డున్నా కంటికి అందేది 60యే.

రెండోది, ప్రాసెసర్. 2017 నాటి నాలుగు కోర్ల ఐ5. ఒక పరీక్ష చేశాం. గేము నడుస్తుండగా కార్డు ఎంత శాతం పనిచేస్తోందో చూశాం. 97 నుంచి 99 శాతం ఉంటే కార్డు అలసిపోతోందని అర్థం. 60, 70 దగ్గర ఉండి ప్రాసెసర్ నిండుగా ఉంటే, ఎంత పెద్ద కార్డు పెట్టినా ఫాయిదా తక్కువ. వాడు రోజూ దోస్తులతో ఆడే షూటింగ్ గేములో అలసేది ప్రాసెసరే. పెద్ద కథల గేముల్లో, ఎడిటింగ్‌లో మాత్రం 3 జీబీ మెమరీ నిండిపోతోంది. అంటే వాడికి కావలసింది వేగం కన్నా ముందు మెమరీ.

మూడోది, కరెంటు. క్యాబినెట్‌తో పాటు వచ్చిన పేరులేని ఎస్‌ఎంపీఎస్, మీద 450 వాట్లు అని రాసి ఉంది. 5060 టీఐకి 600 వాట్ల ఎస్‌ఎంపీఎస్ పెట్టుకోమని కంపెనీయే చెప్తుంది. నలభై వేలూ కార్డుకే పోస్తే దీనికి పైసలేవి? ఇది పాడైతే తను ఒక్కతే పోదు, బోర్డునో కార్డునో తోడు తీసుకుపోతుంది.

నాలుగోది, పని. వాడి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎన్విడియా కూడాను బాగా వాడుకుంటుంది.

అప్పుడు ఒక్కొక్కటే పక్కన పెట్టాం. ఇంటెల్ ఆర్క్ బీ580లో 12 జీబీ ఉంది, ధర నయం. కానీ రీసైజబుల్ బార్ అనే సదుపాయం లేని పాత బోర్డుల్లో, పాత ప్రాసెసర్లతో అది బాగా వెనకబడుతుంది. రేడియాన్ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీదానికి 16 దారులూ ఉన్నాయి. మావాడి ప్రాసెసర్ కొత్తదైతే, పని గేములే అయితే, అదే తీసుకో అనేవాణ్ని. మీ ఇంట్లో అట్లాంటి కంప్యూటర్ ఉంటే మొదట దాన్నే చూడండి. మావాడికి చివరికి మిగిలింది 2021 ఫిబ్రవరి నాటి ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీ. 16 దారులు, 170 వాట్లు. కొత్తది కాకపోయినా సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. మంచి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌తో కలిపినా బడ్జెట్‌లో చాలా మిగులుతుంది. రేపు బోర్డు, ప్రాసెసర్ మార్చినా ఈ కార్డు కొత్త ఇంటికి వస్తుంది.

మావాడి ముఖం కాస్త చిన్నబోయింది. "దోస్తులకు 5060 అని చెప్పా మామూ" అన్నాడు. నేనేం అనలేదు. ఆ వయసులో నామ్ కూడా ఒక జరూరతే.

ఫైసలా మాత్రం వాడిదే. ఇత్వార్ గడిచాక ఒక్కడే సికింద్రాబాద్ పార్క్‌లేన్ పోయాడు. సెకండ్ హ్యాండ్ కార్డు చూసేటప్పుడు ఏం చెయ్యాలో కాగితం వెనక రాసిచ్చాను: దుకాణంలోనే సిస్టంకు తగిలించి అరగంట గేము నడిపించు, ఫ్యాన్ల చప్పుడు విను, వేడి చూడు, తెర మీద చుక్కలు గీతలు వస్తున్నాయా చూడు, బిల్లు లేకుండా తేకు.

సాయంత్రం ఫోన్ చేశాడు. మొదటి దుకాణంలో 3060 అడిగితే వెంటనే ఒకటి తీసి చేతిలో పెట్టారట. ధర కూడా నయమే. "అప్పుడు మీ ముచ్చట యాదికొచ్చింది మామూ. సిస్టంకు పెట్టించి జీపీయూ జెడ్‌లో చూశా. 8 జీబీ, బస్సు 128 బిట్. పేరు మాత్రం 3060యే."

అవును, 2022 చివర్లో అదే పేరుతో అట్లాంటిది కూడా వచ్చింది. 12 జీబీదానికి 192 బిట్ల బస్సు ఉంటే, దీనికి 128యే. దుకాణదారు దబాయించలేదు, వాపసు తీసుకున్నాడు. అతనికీ రెండూ ఒకటే అనిపించాయేమో.

"మరి కొన్నావా?" అన్నాను.

"మూడో దుకాణంలో దొరికింది. 12 జీబీ, 192 బిట్. అరగంట నడిపించా. ఎస్‌ఎంపీఎస్ కూడా తీసుకున్నా. ఇంకా పైసలు మిగిలాయి." ఒక్క క్షణం ఆగి అన్నాడు, "దోస్తులు నంబరు అడిగితే ముందు మెమరీ ఎంతో అడగమంటా మామూ."